అంగళ్ల భవనం మందిరం కావాలంటే: గాజువాక సంఘం ప్రశ్నకు ఒక సివిల్ ఇంజనీరు సమాధానం

సెక్రటరీ గారికి నమస్కారం. మీ ప్రశ్న నాకు అర్థమైన తీరు ముందు చెబుతాను, తేడా ఉంటే సరిదిద్దండి. చాలా ఏళ్లుగా అద్దె హాళ్లలో ఆదివారపు ఆరాధన జరుపుకుంటున్న మీ క్రైస్తవ సంఘం విశాఖపట్నం గాజువాకలో ఒక పాత వాణిజ్య భవనం కొనడానికి బయానా ఇచ్చింది. దాని ముఖం 33 అడుగులు, లోతు 55 అడుగులు. కింద రోడ్డు వైపు షట్టర్లతో మూడు అంగళ్లు, వాటి వెనుక గోదాము ఉన్నాయి. పైన ఒకప్పుడు ట్యూషన్ సెంటరు నడిచింది. ఆదివారం వచ్చేవారు 350 మంది వరకు ఉంటారు. కింది అంతస్తు మధ్యలో ఉన్న నాలుగు పిల్లర్లను తీసేయవచ్చా, పై అంతస్తును స్త్రీలకు కేటాయించవచ్చా, డాబా మీద శిలువతో ఒక గోపురం లేపవచ్చా, వీటికి ఎవరి అనుమతి కావాలి అని అడిగారు.

పిల్లర్లు తీయవద్దు. పై అంతస్తు సంగతి పరీక్షలు జరిగేదాకా తేల్చవద్దు. గోపురం ఆలోచన మానుకోండి. అనుమతి మాత్రం తప్పక తీసుకోండి. ఈ నాలుగు జవాబులకూ వెనుక ఉన్న కారణం ఒక్కటే. అంగడికి జనం ఒకరి తరువాత ఒకరుగా వచ్చి, పని చూసుకుని, ఒకరి తరువాత ఒకరుగా వెళ్లిపోతారు. మందిరానికి అందరూ ఒకే వేళకు వస్తారు, ఒకే పాటకు లేచి నిలబడతారు, ఆశీర్వాదం ముగిసిన ఐదు నిమిషాలకు అందరూ ఒకే గుమ్మం దగ్గర చేరతారు. మీరు కొంటున్న భవనంలోని స్లాబు, మెట్లు, గుమ్మం, మరుగుదొడ్డి, గాలి వచ్చే దారి అన్నీ మొదటి రకం రాకపోకలను ఊహించి కట్టినవి. వాటిని రెండో రకానికి సరిపోయేలా చేయడమే అసలు మార్పిడి. శిలువ ఎక్కడ పెట్టాలన్నది చివరన తేల్చుకోవలసిన విషయం.

ముందు పిల్లర్ల సంగతి. మీరు పంపిన కొలతల ప్రకారం వెడల్పులో పిల్లరుకూ పిల్లరుకూ మధ్య 11 అడుగులు, లోతులో 18 అడుగులు ఉన్నాయి. అంటే లోపలి పిల్లరు ఒక్కొక్కటి ఒక్కో అంతస్తులో దాదాపు 200 చదరపు అడుగుల స్లాబును మోస్తోంది. పై అంతస్తు నేల, దాని మీది డాబా కలిపి చూస్తే ఒక్కో పిల్లరు మీద 30 టన్నుల దరిదాపు బరువు ఉంటుందని నా అంచనా. నాలుగు పిల్లర్లనూ తీస్తే ఆ బరువంతా చుట్టూ ఉన్న పిల్లర్ల మీదికీ, వాటి కింద ఏనాడో పోసిన ఫుటింగుల (పునాది దిమ్మెల) మీదికీ పోతుంది. అంతేకాదు, 33 అడుగుల పొడవునా మధ్యలో ఆధారం లేకుండా స్లాబును మోసే బీముకు రెండున్నర నుంచి మూడు అడుగుల లోతు కావాలి. మీ కింది అంతస్తు ఎత్తు పది అడుగులే. బీము కింద మిగిలే ఏడు అడుగుల చిల్లరలో ఫ్యాన్లు ఎక్కడ వేలాడదీస్తారు? ఇనుప గర్డర్లతో చేయిస్తామనే కాంట్రాక్టర్లు దొరుకుతారు, సాధ్యం కూడా. అయితే పునాదులతో సహా లెక్క వేసి చేయిస్తే, ఆ ఖర్చుతో అదే స్థలంలో కొత్త హాలు కట్టుకునే ఆలోచన మేలనిపిస్తుంది.

స్తంభాలు లేని హాలే హాలు అన్న అభిప్రాయం ఈమధ్య ఫంక్షన్ హాళ్లను చూసి మనకు అలవాటైంది. సింహాచలంలో కళ్యాణమండపానికి 96 రాతి స్తంభాలు ఉన్నాయి. స్వామి పెళ్లి చూడటానికి అవి అడ్డమని ఎవరూ అనలేదు. పాత చర్చిలలో కూడా మధ్య భాగానికి రెండు పక్కలా స్తంభాల వరుసలు ఉండటం మామూలే. మీ భవనంలో 11 అడుగుల చొప్పున మూడు భాగాలు సహజంగా ఏర్పడి ఉన్నాయి. వాటితో పోట్లాడకుండా వాడుకోవడమే తెలివి.

నేనైతే వేదికను గోదాము వెనుక గోడకు పెట్టను. తూర్పు వైపు పొడవాటి పక్కగోడకు మధ్యలో పెడతాను. అప్పుడు హాలు 55 అడుగుల వెడల్పు, 33 అడుగుల లోతు ఉన్నట్టు అవుతుంది. పాస్టరు గారికి ఎదురుగా చివరన కూర్చున్న వ్యక్తి 50 అడుగుల దూరంలో కాక 30 అడుగులలోపే ఉంటాడు. వేదికకు ఎదురుగా రెండు పిల్లర్ల జతల మధ్య 18 అడుగుల ఖాళీ వస్తుంది. ఆ ఖాళీకి ఒక పక్క స్త్రీలు, మరో పక్క పురుషులు కూర్చుంటే పిల్లర్లు సరిహద్దు రాళ్లలా పనికొస్తాయి. వాటి వెనుక పడే కొద్దిపాటి స్థలంలో చాపలు వేయకుండా నడవడానికి వదలండి. ఇంకో లాభం కూడా ఉంది. రోడ్డు వైపు గుమ్మం హాలుకు ఒక చివర, గోదాము వెనుక గుమ్మం రెండో చివర అవుతాయి కాబట్టి బయటికి పోయే దారులు రెండు దిక్కులా ఏర్పడతాయి, ఆలస్యంగా వచ్చినవారు ప్రసంగం మధ్యలో వేదిక ముందు నుంచి నడవవలసిన పని ఉండదు.

అంగళ్ల మధ్య అడ్డుగోడల విషయంలో మాత్రం తొందరపడకండి, ఇక్కడ నా పొరపాటే ఒకటి చెప్పుకోవాలి. 2006లో కంచరపాలెంలో ఒక కిరాణా కొట్టునూ దాని పక్కనున్న మిల్లు గదినీ కలిపి భజన మందిరం చేయాలని ఒక భక్తబృందం నన్ను పిలిచింది. మధ్య గోడ నాలుగున్నర అంగుళాలది, ప్లాను కాపీలో పిల్లర్లు స్పష్టంగా ఉన్నాయి. అడ్డుగోడే కదా అని తీయమన్నాను. మూడో రోజు ఉదయం పై వాటాలో అద్దెకున్న పెద్దావిడ దిగి వచ్చి, "బాబూ, నిన్నటి నుంచి మా వంటింటి తలుపు పడటం లేదు, ఒకసారి చూస్తారా?" అని అడిగింది. పైకి వెళ్లి చూస్తే గుమ్మం మూల నుంచి వెంట్రుకవాసి పగులు గోడ మీదుగా ఏటవాలుగా పైకి పాకి ఉంది. ప్లానులో ఉన్న ఒక పిల్లరును కట్టినవారు పోయకుండా ఎగ్గొట్టి ఆ సన్నగోడ మీదే బీము కూర్చోబెట్టారు. ఆ పూటకే జాకీలు తెప్పించి ఎత్తి పట్టి, తరువాత ఇనుప చానెళ్లు బిగించాం. ఎవరికీ ఏమీ కాలేదు, కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి కాగితం మీది పిల్లరును నేను నమ్మను. ప్రతి పిల్లరు దగ్గరా ప్లాస్టరు చెక్కించి, లోపల కాంక్రీటు కంటపడ్డాకే గోడ జోలికి వెళతాను. మీరూ అలాగే చేయించండి. గోడలు తీయవచ్చని తేలినా అన్నింటినీ తీయనవసరం లేదు. గాలివాన, భూకంపం భవనాన్ని పక్కకు నెట్టినప్పుడు ఇటుక గోడలు ఎంతో కొంత అడ్డుకుంటాయి. షట్టర్లు పెట్టడానికి ముందు వైపు పూర్తిగా తెరిచి ఉంచిన అంగళ్ల వరుసలో ఆ బలం ముందే తక్కువ. అందుకే మూడు షట్టర్లలో రెండింటి స్థానంలో కిటికీలతో గోడ కట్టి, ఒకదాని స్థానంలోనే గుమ్మం పెట్టమంటాను.

ఇక పై అంతస్తు. భవనాల మీద పడే బరువులను లెక్కించే భారత ప్రమాణం 875 రెండో భాగం ప్రకారం ఇంటి గదుల నేలకు చదరపు మీటరుకు సుమారు 200 కిలోలు, తరగతి గదులకు 300, చిల్లర అంగళ్లకు 400 కిలోల బరువు పడుతుందని లెక్క కట్టాలి. జనం గుమిగూడే హాలులో కుర్చీలు నేలకు బిగించి ఉంటే 400, బిగించకపోతే 500 కిలోలు. కుర్చీలు లేకపోతే బరువు తగ్గాలి కదా అని చాలామంది అడుగుతారు. కుర్చీ మనిషికి కొంత చోటు కట్టడి చేస్తుంది, చాప చేయదు. చాపల మీద పండుగనాడు ఎంతమంది సర్దుకుంటారో మీకు నేను చెప్పనక్కరలేదు. పైగా స్తుతి గీతానికి అందరూ లేచి తాళానికి తగ్గట్టు కదిలినప్పుడు స్లాబు మీద పడేది నిశ్చలమైన బరువు కాదు. మీ పై అంతస్తును ఇంటికని లెక్క వేసి కట్టారో, అంగడికని కట్టారో తెలియాలంటే ఆనాటి స్ట్రక్చరల్ డ్రాయింగు దొరకాలి. దొరకకపోతే స్లాబు మందం, ఊచల పరిమాణం, వాటి మధ్య దూరం కొలిచి మళ్లీ లెక్క వేయించాలి. ట్యూషన్ సెంటరు పదేళ్లు నడిచింది, ఏమీ కాలేదన్నది ఆధారం కాదు. అక్కడ బెంచీల మీద పిల్లలు కూర్చునేవారు, లేచి చప్పట్లు కొట్టేవారు కాదు.

దానికి తోడు మన ఊరి గాలి ఒకటి ఉంది. సముద్రపు ఉప్పు కాంక్రీటులోకి నెమ్మదిగా దిగి ఊచలకు తుప్పు పట్టిస్తుంది. తుప్పు పట్టిన ఊచ ఉబ్బుతుంది, ఉబ్బి తన కింది కాంక్రీటును పెచ్చులుగా రాల్చుతుంది. మీ భవనంలో కింది అంగళ్లకు ఫాల్స్ సీలింగు ఉందని రాశారు. కొనుగోలు రిజిస్ట్రేషనుకు ముందే యజమానిని అడిగి దాన్ని పూర్తిగా విప్పించండి. నేను దొండపర్తిలో ఇలాగే ఒక బట్టల కొట్టు సీలింగు విప్పించినప్పుడు, కింద తెల్లని రంగు, దీపాల కాంతితో మెరుస్తున్న గది పైన స్లాబు అడుగున మట్టిరంగు చారలు పొడవునా దిగి ఉన్నాయి. సుత్తి పిడితో తట్టుకుంటూ వెళితే కొంతదూరం గట్టిగా టక్కుటక్కుమని పలికింది. బాత్‌రూము వైపుకు వచ్చేసరికి డొల్లగా, ఖాళీ డబ్బా తట్టినట్టు పలికింది. అక్కడ చేతితో లాగితే అరచేయంత పెచ్చు ఊడి వచ్చింది. లోపల 10 మిల్లీమీటర్ల ఊచ కొన్ని చోట్ల పెన్సిలులో సగం కూడా లేదు. మీ భవనంలో అలా ఉందని కాదు. చూడకుండా లేదని అనుకోవద్దంటున్నాను. తట్టి చూశాక కాంక్రీటు గట్టితనం చూసే రీబౌండ్ హామర్ పరీక్ష, ధ్వని తరంగాలతో లోపలి డొల్లలు పట్టే అల్ట్రాసోనిక్ పరీక్ష చేయించి, అనుమానం ఉన్న చోట కోర్ (కాంక్రీటు నమూనా ముక్క) తీయించండి. మీరు చేయబోయే ఖర్చులో ఈ పరీక్షలకయ్యేది చాలా చిన్న భాగం. ఒకసారి విప్పాక ఆ ఫాల్స్ సీలింగును మళ్లీ పెట్టకండి. అది ఎత్తు తింటుంది, తుప్పును దాస్తుంది.

బరువు మాట వచ్చింది కాబట్టి మరో రెండు సంగతులు. పాత గచ్చు మీదనే రెండు అంగుళాల సిమెంటు పరచి గ్రానైటు వేస్తే చదరపు మీటరుకు దాదాపు 150 కిలోలు అదనంగా చేరుతుంది. పై అంతస్తులో అది వద్దు, పాత గచ్చు తవ్వి పలుచని టైల్స్ వేయండి. బాప్తిస్మపు తొట్టి గురించి మీరు ఒక్క వాక్యంలో దాటవేశారు, కానీ నాకు అన్నింటికన్నా అదే ముఖ్యంగా కనిపించింది. 8 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, మూడున్నర అడుగుల నీటి లోతు ఉన్న తొట్టిలో దాదాపు 4,750 లీటర్లు పడతాయి. అంటే నీరు ఒక్కటే నాలుగున్నర టన్నుల పైమాట, చదరపు మీటరుకు వెయ్యి కిలోలకు మించి. జనంతో కిక్కిరిసిన హాలుకు వేసే లెక్కకు అది రెట్టింపు. కాబట్టి తొట్టి కింది అంతస్తులో, నేలను తవ్వి మట్టి మీద కూర్చునేలా, పిల్లర్ల ఫుటింగులకు దూరంగా కట్టండి. ఇది చదివే ఇతర మతస్థులకూ ఇదే లెక్క వర్తిస్తుంది. మేడమీద మసీదులో నమాజుకు ముందు వజూ చేసుకునే (కాళ్లూ చేతులూ కడుక్కునే) చోట నీరు స్లాబులోకి ఇంకకుండా చూసుకోవాలి. మేడమీద గుడిలో రాతి విగ్రహం, దాని పీఠం బరువు సరిగ్గా బీము మీద పడేలా చూడాలి.

డాబా మీద గోపురం వద్దన్నాను. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపానును చూసినవారికి దీని మీద ఎక్కువ చెప్పనక్కరలేదు. విశాఖపట్నానికి ప్రమాణాలు నిర్ణయించిన మౌలిక గాలివేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగంతో వీచే గాలి చదరపు మీటరు గోడను దాదాపు 150 కిలోల బలంతో నెడుతుంది. పిట్టగోడ మీద ముఖద్వారం అందం కోసం 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు గల పలక లేపితే, ఆకృతిని బట్టి పెరిగే గుణకాలు కలపకముందే దాని మీద టన్నున్నర పైచిలుకు తోపు ఉంటుంది. ఆ పలకను పట్టుకునే పిల్లరు కింది నుంచి రాలేదు, పిట్టగోడలో నుంచి లేచింది. శిలువను ముందు గోడకు ఆనించి పెట్టుకోండి, లేదా ఆవరణలో నేల మీద సొంత పునాదితో ఒక స్తంభం లేపి దానిపై నిలపండి. కొట్టు భవనం కొట్టులా కనిపించడం లోపమేమీ కాదు. మన వన్ టౌన్‌లో పోర్టు పక్కనున్న కొండ మీద రాస్ అనే దొర 1864లో ఇల్లు కట్టుకున్నాడు. ఆ ఇల్లే తరువాత మరియమాత మందిరమైంది, కొండకు మాత్రం ఇప్పటికీ ఆయన పేరే. ఇంకా వెనక్కి వెళితే సిరియాలోని దురా యూరోపోస్‌లో మూడో శతాబ్దం నాటి ఒక మామూలు ఇంటిని క్రైస్తవులు మందిరంగా మార్చుకున్న ఆనవాళ్లు తవ్వకాల్లో బయటపడ్డాయి. వారు చేసిన పెద్ద మార్పు రెండు గదుల మధ్య గోడ తీసి ఒకటి చేయడం, ఒక గదిలో బాప్తిస్మపు తొట్టి కట్టడం. బయటి నుంచి అది వీధిలోని ఇంకో ఇల్లే.

ఎంతమంది కూర్చోవచ్చన్నది మీరు అడగలేదు, కానీ అన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. కింది అంతస్తు మొత్తం 1,815 చదరపు అడుగులు, అంటే 169 చదరపు మీటర్లు. వేదికకు, నడిచే దారులకు, చెప్పులు విడిచే చోటుకు, మరుగుదొడ్లకు పోగా 120 మిగులుతుంది. బిగించిన కుర్చీలు లేని సభాస్థలంలో మనిషికి 0.65 చదరపు మీటర్లు అన్న జాతీయ భవన నియమావళి లెక్కతో 185 మంది. కనుక 350 మందిని ఒకేసారి కూర్చోబెట్టే ఆలోచన మానుకుని రెండు ఆరాధనలు పెట్టుకోండి. గాజువాకలో ఇది కష్టమేమీ కాదని నా ఉద్దేశం. మీ సంఘంలో సగం ఇళ్లలో ఎవరో ఒకరు స్టీల్‌ప్లాంటులోనో పోర్టులోనో చుట్టుపక్కల ఫ్యాక్టరీలలోనో షిఫ్టు పని చేసేవారే ఉంటారు. రాత్రి షిఫ్టు దిగినవారికి ఉదయపు ఆరాధన, పగటి షిఫ్టు దిగినవారికి సాయంత్రపు ఆరాధన అందుతాయి. పై అంతస్తు పరీక్షల్లో నిలబడితే అక్కడ సండే స్కూలు, కార్యదర్శి గది పెట్టుకోండి. పిల్లల సంఖ్యకు కూడా పరిమితి గోడ మీద రాసి పెట్టండి.

గుమ్మాల దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే ప్రాణాలు పోయేది సాధారణంగా ఇక్కడే. షట్టరును బయటికి పోయే దారిగా లెక్కించకండి. సగం దించిన షట్టరు కింద నుంచి వంగి వెళ్లడం మన అంగళ్లలో అలవాటే కానీ, పొగ కమ్మినప్పుడు రెండు వందల మంది అలా వెళ్లలేరు. రోడ్డు వైపు ఒకటి, వెనుక వైపు ఒకటి, రెండు మీటర్లకు తగ్గని వెడల్పుతో, బయటికి తెరుచుకునే రెండు రెక్కల తలుపులు పెట్టండి. ఆరాధన జరుగుతున్నంతసేపూ గడియలు, తాళాలు వేయకూడదు. వెనుక గుమ్మం అవతల ఉన్న ఐదు అడుగుల సందులో జనరేటరు, ఖాళీ డ్రమ్ములు, పాత బెంచీలు చేరకుండా చూసే బాధ్యత ఒకరికి అప్పగించండి.

చెప్పుల విషయం కూడా ఇందులో భాగమే. ఒక ఆదివారం మర్రిపాలెంలో మేడమీద జరిగే ఆరాధన ముగిసే వేళకు మెట్ల కింద నిలబడి గమనించాను. మెట్ల వెడల్పు మూడు అడుగులు. పైనుంచి జనం సాఫీగానే దిగుతున్నారు. చివరి మెట్టు దగ్గర చెప్పుల గుట్ట ఉంది. ఒక ముసలావిడ అక్కడ ఆగి, గోడ పట్టుకుని, ఒక కాలితో తన చెప్పు వెతుక్కుంటుంటే ఆవిడ వెనుక మెట్ల మలుపు దాకా వరుస నిలిచిపోయింది. ఆమె తప్పు ఏమీ లేదు, చెప్పులు అక్కడ ఉండటమే తప్పు. మీ హాలులో చెప్పుల స్టాండును గుమ్మానికి ఎదురుగా కాక పక్కకు, కనీసం పది అడుగుల దూరంలో పెట్టండి. పై అంతస్తును వాడితే మెట్లు ఒకటి చాలవు, రెండోవి వెనుక వైపు కాంక్రీటుతో కట్టండి. మన ఉప్పుగాలిలో మామూలు ఇనుప మెట్లు రంగు వేసినా ఎన్నో ఏళ్లు నిలవవు.

రోడ్డు మట్టం నుంచి మీ గచ్చు అడుగున్నర ఎత్తులో ఉంది. చక్రాల కుర్చీకి పనికొచ్చే వాలు అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు కాబట్టి ర్యాంపుకు 18 అడుగులు కావాలి. దాన్ని కాలువ మీది పలకల మీదుగా రోడ్డులోకి దింపకండి, అది కార్పొరేషను స్థలం. పక్క ఖాళీలో గోడ వెంబడి దింపండి. ఇక అంగళ్ల భవనాల్లో మెట్ల కింద ఉండే ఒక్క మరుగుదొడ్డి ఈ జనానికి ఏమాత్రం సరిపోదు. గోదాము మూలలో స్త్రీలకు మూడు, పురుషులకు రెండు కట్టించండి.

శబ్దం, గాలి విషయాలు ఒకదానికొకటి అడ్డం వస్తాయి. గాలి కోసం తెరిస్తే శబ్దం బయటికి పోతుంది, శబ్దం కోసం మూస్తే లోపల ఉక్కపోస్తుంది. అంగడికి గాలి ముందు నుంచి తప్ప రాదు, రెండు పక్కలా ఇరుగు పొరుగు గోడలు దగ్గరగా ఉంటాయి. వెనుక గోడలో పైభాగాన పెద్ద ఎగ్జాస్టు ఫ్యాన్లు పెట్టి, ముందు కిటికీల నుంచి గాలి లోపలికి లాగేలా చేస్తే ఏసీలు లేకుండానే చాలా నెలలు గడుస్తాయి. శబ్దానికి మొదటి శత్రువు షట్టరు. కీబోర్డు, డ్రమ్ముల మంద్ర స్వరానికి అది డప్పులా అదురుతుంది. అది పోయి గోడ వస్తేనే సగం సమస్య తీరుతుంది. లోపల నున్నని టైల్సు, ఖాళీ గోడలు, పది అడుగుల కప్పు కలిసి మాటను కలగాపులగం చేస్తాయి. మైకు పెంచితే ఆ గందరగోళం పెరుగుతుంది తప్ప మాట స్పష్టం కాదు. నేల మీద కొబ్బరిపీచు చాపలు, వేదికకు ఎదుటి గోడకు మందపాటి తెరలు లేదా రంధ్రాల జిప్సం పలకలు పెట్టి, రెండు పెద్ద స్పీకర్లకు బదులు ఆరేడు చిన్నవి తక్కువ శబ్దంతో పెట్టించండి. థర్మాకోలు, స్పాంజి మాత్రం గోడలకు అంటించవద్దు. క్రిస్మస్ దీపాల తీగ ఒకటి వేడెక్కితే చాలు. అలాగే మూడు అంగళ్ల మూడు పాత మీటర్ల వైరింగును అతికించి వాడకండి, మొత్తం కొత్తగా లాగించి త్రీఫేజు కనెక్షను తీసుకోండి. కనెక్షను మార్చుకునేటప్పుడు ధార్మిక ప్రదేశాల శ్రేణి అడగండి. వాణిజ్య రేటు కట్టవలసిన పని లేదు.

బయటికి వినిపించే శబ్దానికి చట్టం కూడా ఉంది. 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్, వాణిజ్య ప్రాంతంలో 65, 55. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్‌స్పీకర్లు నిషిద్ధం. మద్రాసులోని ఒక చర్చికీ పక్కనున్న కాలనీవాసులకూ మధ్య నడిచిన వివాదంలో అదే ఏడాది సుప్రీంకోర్టు, ఇతరుల ప్రశాంతతకు భంగం కలిగిస్తూ ప్రార్థించమని ఏ మతమూ చెప్పదని తీర్పు ఇచ్చింది. నా అనుభవంలో ఇలాంటి మార్పిడులకు వచ్చే ఫిర్యాదుల్లో మతం కంటే మైకు, బండ్ల పార్కింగు ఎక్కువ. ఆదివారం ఉదయం పక్క అంగళ్లు చాలావరకు మూసే ఉంటాయి. ఆ యజమానుల దగ్గరకు ముందే వెళ్లి, వారి ముంగిట ద్విచక్ర వాహనాలు నిలుపుకోవడానికి రాతపూర్వకంగా ఒప్పించుకోండి.

అనుమతి విషయం చివరికి వచ్చినా, కట్టుబడి పని మొదలుపెట్టకముందే చేయవలసింది ఇదే. ప్లాను మంజూరైన వాడుక వాణిజ్యం, మీరు చేయబోయేది సభాస్థలం. కాబట్టి ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నియమాలు 2017 కింద లైసెన్సు ఉన్న ఇంజనీరు ద్వారా మహానగర పాలక సంస్థకు వాడుక మార్పుకు దరఖాస్తు పెట్టాలి. జనం గుమిగూడే భవనం 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో ఉన్నా, ఆరు మీటర్ల ఎత్తు దాటినా అగ్నిమాపక శాఖ అనుమతి కావాలి. రెండు అంతస్తులు కలిపితే మీరు ఆ ఎత్తు దాటతారు. బయానా తరువాత మిగతా సొమ్ము కట్టకముందే నాలుగు కాగితాలు చూడండి: మంజూరైన ప్లాను కాపీ (అందులో పై అంతస్తు ఉందా లేదా), ఈసీ (ఆస్తి మీద అప్పులు, తాకట్లు చూపే ధ్రువపత్రం), లింకు దస్తావేజులు (పాత యజమానుల కొనుగోలు పత్రాలు; స్థలం పరిమితి నిజంగా కాలువ దాకా ఉందా), మాస్టరు ప్లానులో ఆ రోడ్డు వెడల్పు గీత (అది మీ ముందు పిల్లర్ల వరుసను తాకుతుందేమో). కొనుగోలు సంఘం పేరు మీదే జరగాలి. మీ సంఘం ఇంకా నమోదు కాకపోతే 2001 సంఘాల నమోదు చట్టం కింద ముందు నమోదు చేయించండి. తాత్కాలికంగా పాస్టరు గారి పేరు మీద, పెద్దల పేరు మీద అని మొదలుపెట్టినవి తరువాతి తరంలో కోర్టుకెక్కడం నేను చూశాను.

ఆదాయం కోసం ఒక అంగడిని అద్దెకు ఉంచుకోవాలన్న మీ ఆలోచన నాకు నచ్చలేదు, కానీ తప్పనిసరైతే అడ్డుగోడను పూర్తిగా స్లాబు దాకా కట్టి, పరుపులు, రంగులు, గ్యాసు, బాణసంచా వ్యాపారాలకు ఇవ్వకండి. ప్రార్థనకే వాడే భాగానికి ఆస్తిపన్ను మినహాయింపు అడిగేటప్పుడు అద్దె భాగాన్ని వేరుగా చూపండి.

ముందుగా ఫాల్స్ సీలింగు విప్పించి, స్లాబు అడుగు భాగాన్నీ, నాలుగు లోపలి పిల్లర్లనూ ఫొటోలు తీసి పంపండి. ఊచ కనిపించే చోట దాని పక్కన స్కేలు పెట్టి తీయండి. మరుగుదొడ్డి కింద పడే భాగాన్ని మరచిపోవద్దు.